పళ్ళ డాక్టరు గారి గాజు గిన్నె

డాక్టర్ వసుమతి హస్తవాసి మంచిదని అబిడ్స్‌లో చాలామంది అంటారు. సూది గుచ్చినట్టు తెలియదు, పన్ను ఊడినట్టు తెలియదు అని చెప్పుకుంటారు. కాకపోతే ఆ మాట అనేది లోపలి గది దాకా వెళ్ళి వచ్చినవాళ్ళు. బయటి గదిలో కూర్చున్నవాళ్ళ గోడు వేరు.

ఆ రెండు గదులకీ మధ్య పల్చటి చెక్క తలుపు ఒక్కటే ఉంది. లోపల మెషీన్ 'జుయ్యి'మందంటే బయట కుర్చీల్లో ఉన్నవాళ్ళ దవడలు బిగుసుకుపోయేవి. ఒకాయనకు ఉన్నట్టుండి ఫోన్ వచ్చేది. ఒకావిడకు పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోయిన సంగతి గుర్తొచ్చేది. రిసెప్షన్ బల్ల దగ్గర కూర్చునే స్వర్ణకు పేర్లు రాసుకోవడం కన్నా పారిపోయేవాళ్ళను పట్టుకోవడమే పెద్ద పని అయిపోయింది.

పారిపోయేవాళ్ళలో అందరికన్నా ఆరితేరినవాడు అమరేశ్వరరావు. గన్‌ఫౌండ్రీలో ఒక బీమా ఆఫీసులో పెద్ద ఉద్యోగి. తాతగారు యాభై ఆరులో రాష్ట్రం ఏర్పడినప్పుడు గుంటూరు నుంచి గుమాస్తాగా వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. మనవడికి నగరంలో భయపడే చోటంటూ ఒకటుంటే అది పళ్ళ డాక్టరు కుర్చీ. కుడివైపు దవడ పన్ను పుచ్చి, చల్లటి మంచినీళ్ళు తాగాలన్నా తల ఎడమవైపు వంచుకుని తాగుతున్నాడు. భార్య కమలకుమారి పోరు పడలేక ఆసుపత్రికి వచ్చేవాడు. కూర్చునేవాడు. మెషీన్ మోగగానే "ఇప్పుడే వస్తానమ్మా స్వర్ణా, బండికి తాళం వేశానో లేదో" అని మెట్లు దిగిపోయేవాడు. ఆ తాళం ఎంతకీ పడేది కాదు.

చేపల్ని చూస్తూ కూర్చుంటే భయం తగ్గుతుందని వసుమతి ఎక్కడో విన్నది. ఆ వారమే ఒక గాజు తొట్టి, దానికి నీళ్ళు శుభ్రం చేసే మోటారు తెప్పించింది. చేపలు తెచ్చేముందు రెండు రోజులు ఉత్త నీళ్ళతో నడిపి చూడమన్నారని మోటారు వేసి ఉంచారు. అది గుర్రుమంటూ, మధ్యమధ్యలో జుయ్యిమంటూ తిరుగుతోంది.

సరిగ్గా అప్పుడే అమరేశ్వరరావు మెట్లెక్కుతున్నాడు. సగం మెట్ల మీద ఆ చప్పుడు చెవిన పడింది. ఆగాడు. విన్నాడు. వెనక్కి తిరిగాడు. స్వర్ణ పరుగున బయటికి వచ్చి రెయిలింగ్ మీద నుంచి కేకేసింది.

"సార్! అది డ్రిల్ గాదు సార్, చేపల డబ్బా!"

"ఏదైతేనేమమ్మా," అన్నాడాయన కింద నుంచే, "ఆ తేడా నా పన్నుకు తెలియదుగా!"

ఆ సాయంత్రమే తొట్టి, మోటారు వసుమతి తమ్ముడి ఇంటికి వెళ్ళిపోయాయి.

"మోటారు లేకుండా చేపలుండవా స్వర్ణా?" అంది వసుమతి చేతులు కడుక్కుంటూ.

"ఎందుకుండయ్ మేడమ్? మూసీల ఏ మోటారున్నది?"

"మూసీలో చేపలున్నట్టు కూడా నేను వినలేదే."

అయినా ఆ ఆలోచన ఆమెకు నచ్చింది. ఆసుపత్రి తెరిచిననాడు ఎవరో బహుమతిగా ఇచ్చిన పెద్ద గాజు గిన్నె ఒకటి ఉంది. వెడల్పాటి మూతి, అరబిందె నీళ్ళు పట్టేంత పొట్ట. ఇన్నాళ్ళూ అందులో విజిటింగ్ కార్డులు, పనిచేయని పెన్నులు ఉండేవి. స్వర్ణ వాటిని తీసి, గిన్నెను సబ్బు పెట్టకుండా ఉప్పుతో తోమి కడిగింది. మధ్యాహ్నం భోజనాల వేళ, ఆ గిన్నె ఫోటో ఫోన్లో తీసుకుని నాంపల్లి బయల్దేరింది.

నాంపల్లి స్టేషన్ దగ్గర సందులో ప్రహ్లాద్ అనే ఆయన చేపల దుకాణం ఉంది. కింద నుంచి పైదాకా తొట్లు, తొట్ల నిండా బుడగలు, ఎర్ర లైట్లు, నీలం లైట్లు. లోపలికి అడుగుపెడితే చేపల్లో మనమే తప్పిపోయినట్టు ఉంటుంది.

"చెప్పక్కా. ఏం గావాలె?"

స్వర్ణ ఫోటో చూపించింది. "గీ గిన్నెల పెంచనీకె."

"మోటారు?"

"వద్దు."

"హీటర్?"

"వద్దు. కరెంటు వైరు బల్ల మీదికి రావద్దన్నది మా మేడమ్."

"మరి జర గట్టిగుండే చేప ఇస్త. గోల్డ్ ఫిష్ తీస్కపో అక్కా. బంగారం ఇంట్లకొచ్చినట్టే."

నారింజ రంగు చేపలు గుంపుగా అద్దం దగ్గరికి వచ్చి నోళ్ళు తెరిచి మూస్తున్నాయి. చూడటానికి ముచ్చటగానే ఉన్నాయి. అచ్చం ఆసుపత్రికి వచ్చే పేషెంట్లలానే ఉన్నాయనుకుంది స్వర్ణ.

"గిన్నెల ఎన్ని దినాలు బత్కుతది?"

"అదంత అదృష్టం మీద ఉంటది అక్కా."

"ఎవ్వరి అదృష్టం? నాదా, చేపదా?"

ప్రహ్లాద్ తల గోక్కున్నాడు. స్వర్ణ దుకాణమంతా ఒకసారి కలయజూసి, స్టూలు లాక్కుని కూర్చుంది. బేరం కోసం కాదు, నిజం కోసం కూర్చుందని ఆయనకు అర్థమైంది.

"అన్నా, ఒక్కటి అడుగుత. మీ ఇంట్ల మోటారు లేకుంట ఏమన్న పెంచుతున్నవా?"

ఆయన నవ్వేశాడు. "ఔ. మా ఇంటామె నర్మద వంటింట్ల సెల్ఫు మీద ఒక ఫైటర్ చేపను పెట్టుకున్నది. రెండేండ్ల సంది ఉన్నది. నా మాటకన్న దాని మాటే ఎక్వ ఇంటది."

"గా ముచ్చట ముందుగాల్నె చెప్పొచ్చు గద!"

"అడిగెటోళ్ళేరి అక్కా? అందరు రంగు అడుగుతరు, వాస్తు అడుగుతరు. బత్కుతదా అని ఎవరడుగుతున్నరు?"

ఇక ఆయన మొహమాటం వదిలేసి మాట్లాడాడు. గోల్డ్ ఫిష్ తిండి ఎక్కువ తింటుంది, నీళ్ళు తొందరగా పాడు చేస్తుంది. చూస్తుండగానే జానెడు పెరుగుతుంది. దానికి గిన్నె అంటే మనిషిని లిఫ్టులో కాపురం పెట్టమన్నట్టే. పోనీ ఆ చిన్న చిన్న తోకల గప్పీ చేపలైతేనో అని స్వర్ణ అడిగింది.

"గప్పీలు మంచియే. గానీ, పిల్లల్ని పెడ్తనే ఉంటయ్. దసరా వరకు మీ దవాఖానల పేషెంట్లకు కుర్సీలు దొర్కయ్."

"మరి ఫైటర్?"

"అది నీళ్ళ మీదికొచ్చి మనలెక్కనే గాలి పీలుస్తది. బుడగలు గావాలె, మోటారు గావాలె అని ఏడ్వది. పారే నీళ్ళు దానికి అసలే పడయ్. మన హైద్రబాద్ ఎండకు హీటర్ గూడ అక్కర్లేదు. చలికాలం మాత్రం జర కిటికీకి దూరం జరుపు."

ఫైటర్లు ఓ పక్క బల్ల మీద చిన్న చిన్న గాజు సీసాల్లో ఒక్కొక్కటిగా ఉన్నాయి. సీసాకూ సీసాకూ మధ్య అట్టముక్క అడ్డం పెట్టి ఉంది. పక్కింటివాళ్ళతో మాటల్లేనట్టు ఎవరిమానాన వాళ్ళున్నారు.

"రెండియ్యి. పాపం, ఒక్కటే ఉంటే దిగులైతది."

"రెండు పెడితే తెల్లారెవరకు ఒక్కటే మిగుల్తది."

"ఆడది, మొగది పెడితే?"

"ఆడదాన్ని గూడ కొడ్తది అక్కా."

"గట్లాంటోడు మా వాడకట్టుల గూడ ఒకడున్నడు," అంది స్వర్ణ. "సరే, ఒక్కటే ఇయ్యి. గీడ ఎవడు తిక్కలోడో చూస్త."

ఆమె సీసాల మీద వరసగా వేలు ఆనించుకుంటూ పోయింది. కొన్ని పట్టించుకోలేదు. ఒకటి అటు తిరిగి పడుకుంది. చివర్లో నీలం ఒంటికి ఎర్ర తోక ఉన్న చేప ఒకటి వేలు పెట్టడమే ఆలస్యం, మొప్పలు విప్పార్చి, తోకను పావడా కుచ్చిళ్ళలా పరిచి, సీసా బద్దలు కొట్టి బయటికొస్తానన్నంత పని చేసింది.

"గీ వస్తాద్‌ను ఇయ్యి," అంది స్వర్ణ.

అలా దానికి దుకాణంలోనే పేరు పడింది. ప్రహ్లాద్ ఒక నీటి మొక్క, చిన్న డబ్బాలో మేత గింజలు ఇచ్చి జాగ్రత్తలు చెప్పాడు. నల్లా నీళ్ళు ఒక రోజు బకెట్లో ఉంచి పోయాలి. మోటారు లేదు కాబట్టి వారానికి రెండుసార్లు కొంచెం కొంచెంగా నీళ్ళు మార్చాలి, మొత్తం ఒక్కసారే పారబోయకూడదు. గింజలు పొద్దున రెండు, సాయంత్రం రెండు చాలు. ఎగురుతుంది కనుక గిన్నె మీద వలలాంటి జాలీ వేయాలి.

వస్తాద్ రాకతో ఆసుపత్రిలో మొదట మారింది రెండు గదులకూ కలిపి ఉన్న ఏసీ. చల్లగాలి తిన్నగా గిన్నె మీదికి కొడుతోందని స్వర్ణ దాన్ని ఆపేసింది. లోపలి గదిలోంచి వసుమతి చెమట తుడుచుకుంటూ బయటికి వచ్చింది.

"ఏసీ ఎవరాపారు?"

"వస్తాద్‌కు చలైతున్నది మేడమ్."

"నాకు ఉక్కపోస్తోందే!"

"మీరు ఫ్యానేస్కోవచ్చు మేడమ్. అది ఏమేస్కుంటది?"

వసుమతి గిన్నె వైపు, ఏసీ వైపు చూసింది. చివరికి ఇద్దరూ కలిసి బల్లను ఏసీ గాలి తగలని మూలకు జరిపారు. గొడవ తీరింది.

పేషెంట్లకు మాత్రం వస్తాద్ బాగా నచ్చింది. లోపల మెషీన్ మోగుతున్నా బయట గిన్నె చుట్టూ తలకాయలే. ఫోన్లు రావడం తగ్గింది. పొయ్యి మీది పాలు కూడా తగ్గాయి. వసుమతి పేషెంట్ల నోట్లో పెట్టి చూసే చిన్న గుండ్రటి అద్దం పాతదొకటి స్వర్ణకు ఇచ్చింది. దాన్ని గిన్నెకు ఆనిస్తే వస్తాద్ తన నీడను చూసి ఇంకొకడొచ్చాడనుకుని మొప్పలు విప్పేది. అలిసిపోతుందని స్వర్ణ రోజుకు ఒక్కసారే ఆ ఆట ఆడనిచ్చేది.

ఈ వార్త గన్‌ఫౌండ్రీ దాకా పాకడంతో అమరేశ్వరరావు వచ్చాడు. మెట్ల మీద ఆగి చెవి రిక్కించాడు. ఏ చప్పుడూ లేదు. లోపలికి వచ్చి గిన్నె ముందు కూర్చున్నాడు. వస్తాద్ ఆయన కళ్ళజోడు చూసి మొప్పలు విప్పింది. ఆయనకు పరమానందమైంది. మర్నాడూ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. చేపను చూసేవాడు, స్వర్ణను నాలుగు ప్రశ్నలు అడిగేవాడు, తన పేరు పిలిచే వేళకు లేచి వెళ్ళిపోయేవాడు.

"మీరు చేప డాక్టరు దగ్గరికి వస్తున్నరా, పళ్ళ డాక్టరు దగ్గరికా సార్?" అని స్వర్ణ ఒకనాడు అడిగేసింది.

"ఒక్కొక్క మెట్టే కదమ్మా ఎక్కాలి," అన్నాడాయన.

ఆ రోజు ఆయన చూస్తుండగా వస్తాద్ నీటి మొక్క ఆకు మీద పక్కకు వాలి కదలకుండా పడుకుంది. అమరేశ్వరరావు కుర్చీలోంచి లేచాడు. "స్వర్ణా, పోయింది!" అని అరిచాడు. స్వర్ణ వచ్చి గిన్నె మీద గోటితో మెల్లగా తట్టింది. చేప విసుగ్గా లేచి ఒక చుట్టు తిరిగి మళ్ళీ అదే ఆకు మీద వాలింది.

"నిద్ర సార్. అది గట్లనే పంటది."

"నిద్ర కాదమ్మా, దిగులు. నాకు తెలుసు ఆ పడుకోవడం. మా ఆవిడ పుట్టింటికి వెళ్ళినప్పుడు నేనూ అలాగే పడుకుంటాను. దానికో తోడు కావాలి."

"తోడొస్తే సంపుతది సార్. దానికి ఎవ్వరు వద్దు."

ఆయన వింటున్నట్టే తలూపాడు. కానీ తోడు లేని బతుకు ఎవరికైనా ఎలా నచ్చుతుందో ఆయనకు అంతుబట్టలేదు. రెండు రోజుల తర్వాత మొజంజాహీ మార్కెట్ దగ్గర ఫుట్‌పాత్ మీద ఒకాయన ప్లాస్టిక్ కవర్లలో చేపలు అమ్ముతుంటే ఆగాడు. ఎర్రటి ఫైటర్ ఒకటి కనిపించింది. "ఆడదేనా?" అంటే "పక్కా ఆడది సార్" అన్నాడు అమ్మేవాడు. అమరేశ్వరరావు ఆ కవరును చొక్కా జేబుకు ఆనించి పట్టుకుని, పెళ్ళిచూపులకు పిల్లను తీసుకువస్తున్నంత సంబరంగా అబిడ్స్ చేరాడు.

స్వర్ణ లోపల డాక్టరుతో కలిసి తర్వాతి పేషెంటు కోసం సామాన్లు సర్దుతోంది. బయటి గదిలో ఒక ముసలావిడ, ఇద్దరు కాలేజీ అమ్మాయిలు ఉన్నారు. అమరేశ్వరరావు జాలీ ఎత్తి, కవరు విప్పి, కొత్త చేపను గిన్నెలోకి వదిలాడు.

ఒక్క క్షణం అంతా బాగానే ఉంది. వస్తాద్ కదలకుండా చూసింది. ఎర్ర చేప కూడా చూసింది. తర్వాత ఎర్ర చేప మొప్పలు విప్పి, తోక పరిచి, వస్తాద్ కన్నా పెద్దగా పొంగింది. అది ఆడది కాదని అప్పుడు అందరికీ తెలిసిపోయింది.

నీళ్ళు చిమ్మాయి. నీలం, ఎరుపు ఒకదాని వెంట ఒకటి సుడి తిరిగాయి. ముసలావిడ కుర్చీ మీద కాళ్ళు పైకి పెట్టుకుంది. ఒకమ్మాయి "అంకుల్, ఆపండి!" అని కేకేసింది. అమరేశ్వరరావు రెండు చేతులూ గిన్నెలో పెట్టి "వద్దురా నాయనా, వద్దురా, మీరిద్దరూ అన్నదమ్ములనుకోండి" అని బతిమాలుతున్నాడు. చొక్కా చేతులు మోచేతుల దాకా తడిసిపోయాయి కానీ ఒక్క చేపా చిక్కలేదు.

తలుపు తోసుకుని స్వర్ణ వచ్చింది. ఆమె వెనకే మాస్కు, గ్లవుజులతో వసుమతి. స్వర్ణ పేషెంట్లు నోరు పుక్కిలించే పెద్ద ప్లాస్టిక్ గ్లాసు తెచ్చి గిన్నెలో ముంచింది. రెండో ప్రయత్నంలో ఎర్ర చేప నీళ్ళతో సహా గ్లాసులోకి వచ్చింది. వస్తాద్ తోక అంచు కొంచెం చిరిగింది. అయినా గెలిచినవాడిలా గిన్నెంతా చుట్టి చుట్టి తిరుగుతోంది.

"ఏంది సార్ ఇది? చెప్పిన కద నేను!"

అమరేశ్వరరావు గ్లాసును రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఆడదన్నాడమ్మా... తోడని తెచ్చాను... అయ్యయ్యో, బతుకుతుందా?" అని నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు.

వసుమతి ఆ నోట్లోకి వంగి చూసింది. "ఇదేనా ఆ పన్ను? అలాగే తెరిచి ఉంచండి. ఎంత వాచిందో తెలుసా? రండి లోపలికి."

"ఈ చేప సంగతి..."

"చేపతోనే రండి. బయట పెట్టడానికి చోటేదీ?"

నిజంగానే చోటు లేదు. బల్ల మీద నీళ్ళు, నేల మీద నీళ్ళు. ఆయన గ్లాసు తొణకకుండా అడుగులో అడుగేసుకుంటూ లోపలికి నడిచాడు. వసుమతి చూపించిన కుర్చీలో కూర్చున్నాడు. కుర్చీ వెనక్కి వాలింది. అప్పుడు గానీ తను ఎక్కడ ఉన్నాడో ఆయనకు తెలియలేదు. లేద్దామని చూశాడు. లేస్తే గ్లాసు తొణుకుతుంది. తొణికితే చేప కింద పడుతుంది.

"కదలకుండ్రి," అంది స్వర్ణ. "మీరు కదిల్తే అది ఎగుర్తది. గ్లాసు మీద ఇంకో చెయ్యి అడ్డం పెట్టుండ్రి."

ఆయన పొట్ట మీద గ్లాసు నిలబెట్టుకుని, పైన అరచెయ్యి కప్పి పట్టుకున్నాడు. మత్తు సూది పడింది. మెషీన్ జుయ్యిమంది. ఆయన గ్లాసును ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు. అరచేతి కింద చేప ఒకసారి పైకొచ్చి గాలి మింగి, ఆయన వేలికి తగిలి వెళ్ళింది. దానికి తనకన్నా ఎక్కువ భయంగా ఉందేమోననిపించింది. "ఏం కాదురా, ఏం కాదు" అందామనుకున్నాడు. నోరు తెరిచి ఉండటం వల్ల "ఆ... ఆ..." అని మాత్రమే వచ్చింది.

"నొప్పా?" అంది వసుమతి ఆగి.

ఆయన తల అడ్డంగా ఊపి, కళ్ళతో గ్లాసు వైపు చూపించాడు. వసుమతికి నవ్వాగలేదు. నవ్వు తగ్గేదాకా మెషీన్ ఆపి మళ్ళీ మొదలుపెట్టింది.

పని అయిపోయింది, నోరు పుక్కిలించమంది వసుమతి. ఆయన అలవాటు లేనివాడు, చేతిలో గ్లాసు ఉందిగా అని పెదవుల దాకా ఎత్తాడు.

"సార్!" అని స్వర్ణ పెట్టిన కేకకు బయటి ముసలావిడ మళ్ళీ కాళ్ళు పైకి పెట్టుకుంది.

ఆ సాయంత్రం అమరేశ్వరరావు బుగ్గ ఉబ్బించుకుని, చేతిలో మూత పెట్టిన డబ్బాతో ఇంటికి వెళ్ళాడు. కమలకుమారి గుమ్మంలోనే నిలదీసింది. "పన్ను బాగు చేయించుకుని రమ్మంటే చేపను తెచ్చారేమిటి?"

సగం మొద్దుబారిన నోటితో ఆయన చెప్పిందేదీ ఆమెకు అర్థం కాలేదు. స్వర్ణకు ఫోన్ చేసి జరిగిందంతా విన్నది. విన్నంతసేపూ నవ్వింది. మర్నాడు ఆమే స్వయంగా నాంపల్లి వెళ్ళి, ప్రహ్లాద్ చూపించిన చిన్న గిన్నెలు పక్కన పెట్టించి, వెడల్పాటి పెద్ద గిన్నె, ఒక నీటి మొక్క తెచ్చుకుంది. రెండో చేప ప్రస్తావన ఆయన ఎత్తబోతే కళ్ళతోనే ఆపేసింది. వస్తాద్ తోక కూడా కొన్నాళ్ళకు మళ్ళీ ఎదిగింది.

వర్షాలు మొదలైన రోజుల్లో ఒక ఉదయం కమలకుమారి నుంచి స్వర్ణకు ఫోన్ వచ్చింది. గొంతులో కంగారు.

"అమ్మా స్వర్ణా, నీళ్ళ మీదంతా నురగ. గిన్నెకు సబ్బు తగిలిందేమో. చేప మాత్రం హుషారుగానే ఉంది."

స్వర్ణకూ తెలియలేదు. అడిగి చెబుతానంది. మధ్యాహ్నం మేత గింజలకు వెళ్ళినప్పుడు ప్రహ్లాద్‌ను అడిగితే ఆయన పెద్దగా నవ్వాడు. స్వర్ణ ఆసుపత్రికి వచ్చి కమలకుమారికి ఫోన్ చేసింది.

"ఏం ఫికర్ లేదంట అమ్మా. మొగ ఫైటర్‌కు మనసు మంచిగుంటే గట్ల నోటితోని బుడగలు పెట్టి గూడు కట్టుకుంటదంట. పిల్లలొస్తే అండ్ల దాసుకోనీకె."

అవతల నవ్వు వినిపించింది. తర్వాత కమలకుమారి ఫోన్ పట్టుకునే పక్క గదిలోకి కేకేసింది.

"విన్నారా? అది పెళ్ళి కాకుండానే ఇల్లు కట్టేసుకుంది. మనకు పెళ్ళయి పాతికేళ్ళయింది, మీరింకా స్థలాలే చూస్తున్నారు!"

లోపలి నుంచి అమరేశ్వరరావు ఏదో జవాబు చెప్పాడు. స్వర్ణకు సరిగా వినపడలేదు. "ఉండమ్మా, పెడుతున్నా, ఈయన బండికి తాళం వేశానో లేదో అంటూ కిందకు దిగిపోతున్నారు" అని కమలకుమారి ఫోన్ పెట్టేసింది.